పదహారులో తొమ్మిదోది

ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ రాసే గుమస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ కత్తెరమ్మ. అలాగని బట్టలు కుట్టే మనిషి అనుకునేరు. పిల్లల చొక్కాకి గుండీ ఊడితే అత్తగారి చేతిలో పెట్టి చక్కా పోయే రకం. ఆవిడ కత్తిరించేవి కంటికి కనిపించవు. ఫోన్ల కోసం టవర్ల మీద రేడియో పెట్టెలు బిగిస్తారే, వాటిలోంచి గాల్లోకి పోయే తరంగాల తలలు కత్తిరించడం ఆవిడ ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు "ఏం చేస్తుంటారమ్మా" అని అడిగితే "కంపెనీలో" అని ముక్తసరిగా చెప్పి కిటికీలోంచి చూస్తుంది. చెప్పడం మొదలుపెడితే దిగాల్సిన స్టాపు దాటిపోతుందని భయం.

మనకి స్టాపు భయం లేదు కాబట్టి చెప్పుకోవచ్చు. ఆ పెట్టె పంపేది ఒక్క తరంగం కాదు. వెయ్యికి పైగా సన్నటి తరంగాలు కలిసిన గుంపు. ఒక్కొక్కటీ తన వంతు మాటలూ బొమ్మలూ మోసుకుపోతుంది. కత్తెరమ్మ ఇంట్లో పొద్దున్న ఏడింటి సంగతే చూడండి. పెద్దవాడికి సాక్సు దొరకదు, చిన్నదానికి దువ్వెన దొరకదు, మొగుడికి కళ్ళజోడు, అత్తగారికి పేపరు. ఒకరి తర్వాత ఒకరు అడిగితే ఏ గొడవా లేదు. నలుగురూ ఒకే క్షణాన "నాదెక్కడ" అంటే మాత్రం మధ్యలో ఉన్న మనిషి తల పగిలిపోతుంది. రోజు మొత్తం మీద చూస్తే అది నెమ్మదైన ఇల్లే. తరంగాల గుంపూ అంతే. కొన్ని లేస్తుంటే కొన్ని దిగుతూ సర్దుకుపోతుంటాయి. ఎప్పుడో ఒక్క క్షణం చాలా తరంగాలు కూడబలుక్కున్నట్టు ఒకేసారి లేస్తాయి. అప్పుడు సిగ్నలు బలం మామూలుకి పదింతలవుతుంది. దాన్ని పీక్ అంటారు. దాన్ని మొయ్యాల్సింది యాంప్లిఫయరు. పెట్టెలో అన్నిటికంటే వేడెక్కేదీ, చస్తే పెట్టెనే చంపేసేదీ అదే.

అందుకని పీక్ యాంప్లిఫయరు దాకా రాకముందే ఒక గీత గీసి, ఆ గీత దాటిన తలని కోసేస్తారు. గీత మరీ కిందికి గీస్తే మంచి మాటలు కూడా తెగుతాయి, తెగిన చెత్త పక్క కంపెనీవాళ్ళ దారిలో పడి తగాదాలొస్తాయి. మరీ పైకి గీస్తే యాంప్లిఫయరు పని సరి. ఎక్కడ గీయాలో కత్తెరమ్మ చెప్పాలి. ఆవిడ చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు.

ఆవిడ టెస్టు బెంచికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, సోల్డరింగ్ బెంచి. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న మనిషి బాబాయి. ఫ్యాక్టరీ అంతటికీ బాబాయే. కత్తెరమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో సోల్డరింగ్ ఐరన్‌ని మరీ ముందుకి పట్టుకుని వేలు చుర్రుమనిపించుకుంటే, చల్లటి నీళ్ళ గ్లాసులో ఆ వేలు ముంచి కూర్చోబెట్టి, "ఇంత చదువు చదివావు కదా తల్లీ, వేడి ఎటునుంచి వస్తుందో మీ కాలేజీలో చెప్పలేదా" అని ఏడిపించిన మనిషి. యాంప్లిఫయరులోని ట్రాన్సిస్టరుని రాగి పలక మీద అతికేది ఆయనే. అతుకు కింద గాలి బుడగలు ఎక్కువ మిగిలితే వేడి కిందికి దిగదు. అందుకే ఆ ఒక్క పనీ మిషనుకివ్వకుండా ఆయన చేతికిచ్చేవారు. అతికిన పెట్టెని తెచ్చి ఆవిడ బెంచి మీద పెట్టి, "చూసుకో తల్లీ" అని వెనక్కి తిరిగేవాడు. ఫలితం కోసం ఒక్కనాడూ నిలబడలేదు. ఆవిడ చూస్తుందిలే అన్న ధీమా.

ఇప్పుడు చెప్పబోయేది ఆ ధీమా ఏమైందన్న సంగతి.

మూడున్నరేళ్ళ క్రితం ఒక కొత్త రకం పెట్టె తయారైంది. దానికి పీక్‌ని కోయకుండానే తగ్గించే ఉపాయం ఒకటి ప్రయత్నించమన్నారు. ఉపాయం బాగానే ఉంది. తరంగాలు మొదలయ్యే చోట్లు అటూ ఇటూ జరిపి, అదే సమాచారాన్ని పదహారు రకాలుగా తయారు చేస్తారు. పదహారింటిలో పీక్ అన్నిటికంటే తక్కువున్న రకాన్ని ఏరి పంపుతారు. ఇంట్లో సాక్సువాణ్ణి ఒక నిమిషం ముందు, దువ్వెనదాన్ని రెండు నిమిషాలు వెనక అరవమని ఒప్పించడం లాంటిది. కత్తెరమ్మ వారం రోజులు కూర్చుని పదహారూ చేసింది. తొమ్మిదోది చూసి మురిసిపోయింది. అంత బుద్ధిమంతుడైన సిగ్నలు ఆవిడ సర్వీసులో చూడలేదు. ఒక్క గంట నడిపి చూద్దామని, టెస్టు బెంచిలో పెట్టెల పరీక్షకి రోజూ వాడే సిగ్నలు ఫైలు తీసేసి, దాని పేరుతోనే తొమ్మిదోదాన్ని పెట్టింది. ఇంతలో పిల్లకి జ్వరమని స్కూలు నుంచి ఫోను. బ్యాగు తగిలించుకుని పరిగెత్తింది.

మర్నాడు వచ్చేసరికి ఆ ఉపాయం మనకొద్దని పైవాళ్ళు కొట్టేశారు. పదహారులో ఏ రకం ఎంచుకున్నామో అవతలి ఫోనుకి ప్రతిసారీ చెప్పాలిగా, ఆ తద్దినం ఎవరు పెట్టుకుంటారని. కత్తెరమ్మ కాసేపు మూతి ముడుచుకుని, కాగితాలన్నీ అటక మీదికి తోసేసి, మామూలు పనిలో పడింది. బెంచిలో మాత్రం తొమ్మిదోది అలాగే ఉండిపోయింది.

టెస్టు ఫైలంటే అచ్చం వీధిలో జనంలా ఉండాలి. తోసుకునేవాళ్ళూ, అరిచేవాళ్ళూ, అందరూ ఉండాలి. ఆ జనాన్ని తట్టుకుంటేనే పెట్టె గట్టిదన్నట్టు. ఆవిడ మాత్రం తెలియకుండా ఏరికోరిన బుద్ధిమంతుణ్ణి పెట్టి పరీక్ష చేసింది. పీక్‌లు లేకపోయేసరికి కోయాల్సిన పనే లేదనిపించి, గీతని ఎక్కడో నెత్తి మీద గీసింది. ఇంత తక్కువ కోతతో ఇంత శుభ్రమైన సిగ్నలా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. సభ పెట్టి గాజు జ్ఞాపిక ఇచ్చారు. అత్తగారు దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా కోడలిది" అని చూపించేది.

రెండేళ్ళు తిరిగేసరికి టవర్ల మీంచి కాలిన పెట్టెలు రావడం మొదలైంది. ఒకటి, మూడు, మొత్తం పద్నాలుగు. విచారణ సంఘం వేశారు. కత్తెరమ్మని పిలిచి, "మీ టెస్టులో ఇవన్నీ పాసయ్యాయా" అని అడిగారు. "అన్నీ పాసయ్యాయండి" అంది. ఆ రోజుకి అది అబద్ధం కాదు. కాలిన పెట్టెలకి ఎక్స్‌రే తీశారు. ట్రాన్సిస్టర్ల కింద చిన్న చిన్న బుడగలు కనిపించాయి. బుడగలు లేని అతుకు ఈ భూమ్మీద ఉండదు, ఉండాల్సినంత లోపే ఉన్నాయి కూడా. కానీ సంఘం వేశాక ఏదో ఒకటి దొరకాలి కదా, బుడగలు దొరికాయి. వయసు మీద పడింది, చెయ్యి నిలకడ తప్పిందని రాసేసి, బాబాయిని ప్యాకింగు గదికి మార్చారు. నోటీసు బోర్డులో కాగితం అంటించారు. ముప్ఫై ఏళ్ళ చేతులకి అట్టపెట్టెల్లో స్పాంజి ముక్కలు కుక్కే పని.

ఇది జరిగిన రెండు నెలలకి బెంచి కంప్యూటరు మార్చాల్సి వచ్చింది. పాత ఫైళ్ళు కొత్తదాంట్లోకి ఎక్కిస్తూ కత్తెరమ్మ యథాలాపంగా టెస్టు ఫైలు గ్రాఫు తెరిచింది. పీక్‌లు ఎంత తరచుగా వస్తాయో చూపించే గీత అది. మామూలుగా అయితే నెమ్మదిగా జారుతూ దూరం దాకా పోవాలి. అది మధ్యలోనే గభాల్న కిందికి పడిపోయింది. ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. అటక మీంచి కాగితాలు దింపించి పక్కన పెట్టుకుంది. ఆవిడ చేతిరాతతోనే ఉంది, తొమ్మిది చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ.

కత్తెరమ్మ కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఏం చేసిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. అసలు ఫైలు వెనక్కి తెచ్చి పెట్టింది. గీతని సరైన చోటికి దించింది. టవర్ల మీదున్న పెట్టెలన్నిటికీ "చిన్న మెరుగుదల" అని పేరు పెట్టి కొత్త ప్రోగ్రాం పంపించింది. కాగితాలు మడిచి బ్యాగు అడుగున దాచేసింది. ముందు కాలడం ఆగనీ, చెప్పడానికేముంది, వీలు చూసుకుని చెప్పొచ్చులే అనుకుంది. ఆ వీలు ఆర్నెల్ల దాకా రాలేదు.

ఆవిడ ఊహించనిదేమిటంటే, ఆ దిద్దుబాటే బాబాయి మెడకి చుట్టుకుంటుందని. పెట్టెలు కాలడం ఆగిపోయింది. నెలవారీ మీటింగులో మేనేజరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా, ఆయన్ని బెంచి మీంచి తీసేశాం, ఒక్క పెట్టె కూడా కాలలేదు" అన్నాడు. అందరూ తలలూపారు. టవర్ల మీద ఉన్నవన్నీ బాబాయి అతికినవేగా, మరవెందుకు కాలడం మానేశాయి అని ఒక్కళ్ళకీ తోచలేదు. తోచిన ఒక్క మనిషీ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

అప్పట్నుంచీ ఆవిడకి ముద్ద దిగడం మానేసింది. ప్యాకింగు గది ముందునుంచి పోతే క్యాంటీనుకి దగ్గర దారి. ఆవిడ మెట్లెక్కి, దిగి, చుట్టూ తిరిగి పోయేది. ఇంట్లో పొద్దున్న ఏడింటికి నలుగురూ ఒకేసారి అరిచినా పల్లెత్తు మాట అనకుండా ఎవరిది వాళ్ళ చేతికి అందించేది. అత్తగారు రెండు నెలలు చూసి, ఒకనాడు కూర తరుగుతూ అడిగేసింది.

"ఏమ్మా, నా మీద విసుక్కుని ఎన్నాళ్ళయింది. ఒంట్లో బాలేదా, తప్పేమైనా చేశావా?"

"మీదంతా చోద్యం అత్తయ్యా. విసుక్కున్నా తప్పే, విసుక్కోకపోయినా తప్పేనా?"

"విసుక్కోకపోవడమే అనుమానం" అని అత్తగారు మళ్ళీ తరుగుడులో పడింది. కత్తెరమ్మ ఫ్రిజ్ మీద గాజు జ్ఞాపికని మొహం గోడకి తిరిగేలా పెట్టింది. సాయంత్రానికి అత్తగారు మళ్ళీ ఇటు తిప్పేసింది.

బాబాయి పదవీ విరమణకి ఇంకా మూడు వారాలుందనగా, మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనే ఆవిడ బెంచి దగ్గరికి వచ్చాడు. చేతిలో మెత్తటి గుడ్డలో చుట్టిన మూట. విప్పితే ఆయన సొంత సోల్డరింగ్ ఐరన్, కంటికి తగిలించుకునే భూతద్దం, ఐరన్‌కి బిగించే సన్నటి మొనల డబ్బా. పిడి మీద ఆయన బొటనవేలు ఆనేచోట నలుపు అరిగి తెల్లబడింది.

"నువ్వుంచుకో తల్లీ. ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా ఏదోలా ఉంటోంది."

"అదేంటి బాబాయ్. మీ వీధిలో రేడియోలన్నీ మీరేగా బాగుచేసేది."

"మానేశాన్లే. మొన్నామధ్య మీ పిన్ని చెవి మిషనుకి వైరు ఊడింది. రెండు నిమిషాల పని. ఐరన్ వేడి పెట్టాను, దగ్గరికి తెచ్చాను, చెయ్యి వణికింది. పద్నాలుగు పెట్టెలు కాల్చిన చెయ్యి, దాని చెవిలో పెట్టేది కూడా కాల్చేస్తానేమోనని షాపుకి పంపించాను. వాళ్ళు ఆరు వారాలు తిప్పారు. ఆ ఆరు వారాలూ పాపం ఏం చెప్పినా నవ్వుతూ తలూపేది. వినపడక."

కత్తెరమ్మ కళ్ళు పిడి మీద తెల్లబడిన చోట ఆగిపోయాయి.

"ఇంకో మాట" అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "నేను సరిగ్గా అతకకపోవడం వల్ల నీ టెస్టుకీ మాటొచ్చింది. సంఘంవాళ్ళు నిన్ను కూడా కూర్చోబెట్టి అడిగారట కదా. ఏమీ అనుకోకు తల్లీ. పెద్దవాణ్ణి, ముందే తప్పుకోవాల్సింది."

ఆవిడ ఆ మూట తీసుకుంది. ఇదే ఆవిడ ఎప్పటికీ తనని తాను క్షమించుకోని సంగతి. ఫైలు మార్చడం మరుపు, నోరు మెదపకపోవడం పిరికితనం, కానీ క్షమాపణ చెప్పుకుంటున్న మనిషి చేతిలోంచి మూట అందుకుని "అయ్యో, అదేం లేదు బాబాయ్" అనడం ఏమిటో దానికి ఆవిడకి పేరు కూడా దొరకలేదు. ఆయన వెళ్ళిపోయాక బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న బస్సు దిగి, తన బెంచికి పోకుండా తిన్నగా ప్యాకింగు గదికి వెళ్ళింది. బాబాయి స్టూలు మీద కూర్చుని టేపు అంచు గోరుతో లేపుతున్నాడు. ఆవిడ బ్యాగు అడుగునుంచి మడత కాగితాలు తీసి ఆయన ముందు పరిచింది. తొమ్మిది చుట్టూ సున్నా, నవ్వు మొహం, అన్నీ చూపించింది. ఏ రోజు మార్చిందీ, ఎలా మరిచిపోయిందీ, గీత ఎక్కడ గీసిందీ, పెట్టెలు ఎందుకు కాలాయో అన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. "మీ అతుకులో ఏ దోషమూ లేదు బాబాయ్. తప్పు నాది" అని ఆగింది.

బాబాయి కాగితం దగ్గరికి లాక్కుని, తొమ్మిది చుట్టూ ఉన్న సున్నా మీద వేలు పెట్టాడు. తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండును అనుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆర్నెల్లయింది."

ఆయన పెదవులు కదిలాయి. మనసులో లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"మీ పిన్ని మిషను పాడై మూడు నెలలు" అన్నాడు. టేపు తీసుకుని, ముందున్న అట్టపెట్టె మూత అతికించి, ఇంకోటి లాక్కున్నాడు.

కత్తెరమ్మ అక్కణ్ణుంచి మేనేజరు గారి గదికి వెళ్ళి అదంతా మళ్ళీ చెప్పింది. ఆయన కాగితాలు తిరగేసి, తలుపు వేసి రమ్మని సైగ చేశాడు.

"ఇప్పుడిది తవ్వడం ఎందుకండీ? కాలడం ఆగిపోయింది. ఆయన ఎలాగూ మూడు వారాల్లో వెళ్ళిపోతున్నాడు. పూలదండ వేసి పంపిద్దాం. మీ పేరు పాడుచేసుకోవడం తప్ప ఏముంది ఇందులో?"

"ఆయన పేరు పాడైందిగా సార్."

"సంఘం రాసిందండీ అది. ఎక్స్‌రేలున్నాయి."

"టవర్ల మీద ఈ రోజుకీ ఆయన అతికిన పెట్టెలు నాలుగొందలున్నాయి సార్. అతుకుల వల్లే కాలితే, నేను ప్రోగ్రాం మార్చిన రోజునుంచి అవి కాలడం ఎలా మానేశాయి? అతుకు దానంతటది బాగుపడుతుందా?"

కత్తెరమ్మ తప్పు తనదని అప్పటికే రాసి సంతకం పెట్టిన ఉత్తరం బల్ల మీద పెట్టింది. మీరు అంటించకపోతే నేనే బోర్డులో అంటిస్తానని చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు.

వారం గడిచింది. నోటీసు బోర్డులో పాత కాగితం తీసి కొత్తది పెట్టారు. బాబాయిని మిగిలిన పది పని రోజులకీ సోల్డరింగ్ బెంచికి పంపుతున్నట్టూ, టెస్టులో పొరపాటుకి కత్తెరమ్మని మందలించినట్టూ రెండే వాక్యాలు. క్యాంటీనులో ఆవిడ కూర్చునే బల్ల దగ్గర కొన్నాళ్ళు ఖాళీ కుర్చీలు మిగిలిపోయాయి. ఇంట్లో అత్తగారు సంగతంతా విని, గాజు జ్ఞాపికని పాత పేపర్లో చుట్టి బీరువా అడుగున పెట్టింది. "ఇప్పుడు తిను" అంది.

బాబాయి బెంచికి తిరిగొచ్చిన మొదటి రోజు కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు కత్తెరమ్మ మూట తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి వచ్చేసింది. ఆయన ఆ రోజంతా దాన్ని విప్పలేదు. నాలుగో రోజు పదకొండింటికి ఐరన్ వేడెక్కిన వాసన వచ్చింది. ఆవిడ తలెత్తలేదు. ఎత్తితే ఆయన చెయ్యి వణుకుతుందేమోనని తెర మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆయన ఎక్స్‌రే గదికి వెళ్ళి ఫిల్ము చూసుకుని వచ్చాడు. అతుకు కింద లెక్కపెట్టడానికి మూడంటే మూడు బుడగలు, అవీ ఆవగింజంత. మొహంలో వెలుగు దాచుకోవడం ఆయనకి చేతకాలేదు. పెట్టెని రెండు చేతులతో తెచ్చి ఆవిడ బెంచి మీద పెట్టాడు.

కత్తెరమ్మ కేబుళ్ళు బిగించింది. ఫైలు ఎక్కించింది. మామూలుగా అయితే ఈపాటికి "చూసుకో తల్లీ" అని ఆయన వెనక్కి తిరిగేవాడు. ఆ మాట కోసం ఆవిడ చెవులు ఎదురుచూశాయి. ఆయన కదల్లేదు. భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, ఆవిడ భుజం వెనక నిలబడి, తెర వైపు వంగాడు.

"ఏ ఫైలు పెట్టావమ్మా?" అన్నాడు.

గొంతులో కోపం లేదు. మర్యాదగానే అడిగాడు. ఆవిడ ఫైలు పేరు చదివింది, తేదీ చదివింది. గ్రాఫు తెరిచి, పీక్‌లు దూరం దాకా పోతున్నాయని వేలు పెట్టి చూపించింది. ఆయన సరేనన్నట్టు తలూపాడు. టెస్టుకి నలభై నిమిషాలు పడుతుంది. కుర్చీ లాగి వేస్తే వద్దన్నాడు. నలభై నిమిషాలూ ఆవిడ వెనకే నిలబడి, చివరి అంకె పడేదాకా చూసి వెళ్ళాడు.